పిల్లల్ని ఎత్తుకుపోయేదెవరు? - ఒక సినిమా తగువు, మన జిల్లాల సంగతి

పోయిన వార్షికోత్సవం నాడు రాత్రి ఆటపాటలు అయిపోయాక పాత విద్యార్థులం పదిమందిమి హాస్టల్ వరండాలో కూర్చున్నాం. మాటల్లో ఒక అమెరికా సినిమా ప్రస్తావన వచ్చింది. పేరు ‘సౌండ్ ఆఫ్ ఫ్రీడమ్’. పిల్లల అక్రమ రవాణా మీద తీసిన సినిమా. అది కళ్లు తెరిపించే సినిమా అని మాలో ఒకరు అన్నారు. కాదు, అది ఒక వర్గం వాళ్ల ప్రచారం అని ఇంకొకరు అన్నారు. గొంతులు పెరిగాయి. పక్కనే దుప్పటి కప్పుకుని వింటున్న ఎనిమిదో తరగతి తమ్ముడు లేచి కూర్చున్నాడు.

"అన్నా, ఆ సినిమాల పిల్లల్ని ఎవలు ఎత్తుకపోయిండ్రు?" అని అడిగాడు.

"ముఠా వాళ్లు" అన్నాం.

"మా తండాల ఎవలూ ఎత్తుకపోలే. మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి తోలుకపోయిండు" అన్నాడు.

మాకు మాట రాలేదు. అంతసేపూ మేం సినిమా గురించి కొట్లాడుకున్నాం గానీ, పిల్లల గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ తమ్ముడికి బాకీపడ్డ జవాబే ఈ వ్యాసం.

ముందు ఆ తగువేమిటో చెప్పుకుందాం. ‘సౌండ్ ఆఫ్ ఫ్రీడమ్’ 2018లో చిత్రీకరించిన సినిమా. దర్శకుడు అలెహాండ్రో మాంటెవెర్డే. అమెరికా ప్రభుత్వంలో అధికారిగా పనిచేసి, తర్వాత సొంత సంస్థ పెట్టి పిల్లలను విడిపించానని చెప్పుకున్న టిమ్ బల్లార్డ్ కథ ఆధారంగా తీశారు. మొదట విడుదల చేయాల్సిన ఫాక్స్ సంస్థ డిస్నీ చేతికి పోవడంతో సినిమా కొన్నేళ్లు మూలన పడింది. చివరికి ఏంజెల్ స్టూడియోస్ దాన్ని తీసుకుని 2023 జూలై 4న, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, విడుదల చేసింది. సుమారు కోటిన్నర డాలర్లతో తీసిన సినిమా ప్రపంచమంతటా కలిపి దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

అక్కడ ఈ సినిమా చూడటం కూడా రాజకీయమైపోయింది. పెద్దవాళ్ల రహస్య ముఠా ఒకటి పిల్లల్ని ఎత్తుకుపోతోందని నమ్మే క్యూఅనాన్ అనే గుంపు ఆ దేశంలో ఉంది. సినిమాలో ఆ కథలేవీ లేవు. కానీ హీరో జిమ్ కవీజెల్ బయట సభల్లో, ఇంటర్వ్యూల్లో అలాంటి మాటలే మాట్లాడారు. దాంతో విమర్శకులు సినిమాను కూడా ఆ గాటనే కట్టారు. ట్రంప్ తన క్లబ్బులో ప్రత్యేకంగా ఈ సినిమా వేయించారు. ఒక పక్షం వాళ్లు దీన్ని మెచ్చుకోని వాళ్లందరినీ పిల్లల శత్రువులన్నారు. ఇంకో పక్షం వాళ్లు చూసినవాళ్లందరినీ మూఢులన్నారు. అదే ఏడాది బల్లార్డ్ మీద కొందరు మహిళలు వేధింపుల దావాలు వేశారు. ఆయన వాటిని ఖండించారు. చర్చంతా ఆ మనిషి చుట్టూ తిరిగింది.

ఈ గొడవలో పనికొచ్చే మాట ఒకటి అన్నది ఈ రంగంలో ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లు. అపరిచితుడు వచ్చి బిడ్డను ఎత్తుకుపోవడం, వీరుడు వెళ్లి విడిపించడం తెరకు బాగుంటుంది గానీ, ఎక్కువ సందర్భాల్లో జరిగేది అది కాదని వాళ్లు చెప్పారు. అంతర్జాతీయ వలస సంస్థ 2017లో తన దగ్గరున్న కేసులు పరిశీలిస్తే, అక్రమ రవాణాకు గురైన పిల్లల్లో సుమారు 41 శాతం మంది విషయంలో కుటుంబ సభ్యుల చేయో, బంధువుల చేయో ఉన్నట్టు తేలింది. మన తమ్ముడు వరండాలో చెప్పింది కూడా ఇంచుమించు ఇదే.

తెలుగులో ఈ నిజాన్ని దాచకుండా చెప్పిన సినిమా ‘నా బంగారు తల్లి’. దర్శకుడు రాజేష్ టచ్‌రివర్. హైదరాబాద్‌లో 1996 నుంచి పనిచేస్తున్న ప్రజ్వల సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్ నిర్మాత. అందులో అమ్మాయిని మోసం చేసేది ముసుగు దొంగ కాదు. ఊళ్లో పరువు ప్రతిష్ఠలున్న తండ్రికే రెండో ముఖం ఉంటుంది. 2013 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. నేపథ్య సంగీతానికి శంతను మొయిత్రాకు అవార్డు, నటనకు అంజలి పాటిల్‌కు ప్రత్యేక ప్రశంస దక్కాయి. అన్ని అవార్డులు వచ్చినా కొనుక్కుని విడుదల చేసేవాళ్లు దొరకలేదు. మామూలు జనం తలా ఇంత వేసుకుంటే 2014 నవంబరులో తెలుగులో విడుదలైంది. అమెరికా సినిమాకు తగువు వల్ల జనం పెరిగారు. మన సినిమాకు తగువు పెట్టుకునేవాళ్లు కూడా లేకపోయారు. తప్పు పక్కింట్లో ఉందని చెబితే చప్పట్లు కొడతాం. మన ఇంట్లో ఉందని చెబితే టికెట్ కొనం.

ఇక మన జిల్లాల సంగతి. దేవరకొండ, చందంపేట తండాల పేర్లు ఒకప్పుడు దేశమంతా పత్రికల్లో వచ్చాయి. ఆడశిశువులను దళారులు కొన్ని వందలకో, కొన్ని వేలకో కొనుక్కుపోయి హైదరాబాద్‌లోని కొన్ని దత్తత కేంద్రాలకు చేర్చేవారు. తల్లిదండ్రులు ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు కాగితాలు పుట్టేవి. అక్కడి నుంచి విదేశీ దత్తతకు వెళ్లే సరికి లెక్క డాలర్లలోకి మారేది. 1999లో ఒకసారి, 2001లో మరోసారి ఇది బయటపడి దాడులు, అరెస్టులు జరిగాయి. 2001 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పేదరికం, ఎక్కువ సంతానం, ఆడపిల్ల కావడం అనే కారణాలు చూపి బిడ్డను వదులుకోవడానికి వీల్లేదని అందులో చెప్పింది.

అప్పుడూ తగువు రెండు పక్షాలుగానే నడిచింది. ‘ఇక్కడ ఆకలితో చచ్చేకన్నా అక్కడ సుఖంగా పెరుగుతారు కదా’ అని కొందరన్నారు. ‘వీళ్లు కన్నబిడ్డల్ని అమ్ముకునే జాతి’ అని కొందరు నోరు పారేసుకున్నారు. రెండు మాటలూ తండాను అడగకుండా అన్నవే. గీతా రామస్వామి, భంగ్యా భుక్యా వంటివాళ్లు తండాలను అధ్యయనం చేసి అసలు కారణాలు రాశారు. ఒకప్పుడు లంబాడాల్లో మగపెళ్లివాళ్లే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవారు. అంటే ఆడపిల్ల బరువు కాదు. భూమి చేజారి, కరువు మీద కరువు వచ్చి, చుట్టుపక్కల కులాలను చూసి కట్నం ఆచారం వచ్చాక ఆడపిల్ల పుడితే అప్పు పుట్టినట్టయింది. అమ్మకం తండా సంస్కృతి కాదు. తండా సంస్కృతి చెదిరిపోతే వచ్చిన జబ్బు. ఈ తేడా తెలియకుండా మాట్లాడేవాళ్లకు మనం జవాబు చెప్పగలగాలి. అయితే అమ్మకం జరిగిందన్న నిజాన్ని జాతి పరువు పేరుతో కప్పిపెట్టడం కూడా మన పని కాదు. ఆ పిల్లలూ మన చెల్లెళ్లే.

పాలమూరు వైపు కథ ఇంకో రకం. అక్కడ గుంపు మేస్త్రీ ఎండాకాలానికి ముందే అడ్వాన్స్ ఇస్తాడు. ఆ అప్పు తీర్చడానికి ఇల్లిల్లంతా ఇటుక బట్టీలకో, కాలువ పనులకో బండెక్కుతుంది. పిల్లల పేరు ఏ కాగితంలోనూ ఉండదు గానీ, వాళ్ల చేతులు మాత్రం పనిలో ఉంటాయి. గద్వాల ప్రాంతంలో సీడ్ పత్తి ఉంది. సాయంత్రం మొగ్గను ఒలిచి, పొద్దున్నే మగపువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. ప్రతి పువ్వుకీ చేత్తోనే చేయాల్సిన ఈ క్రాసింగ్ పనికి ఏళ్ల తరబడి ఎక్కువగా ఆడపిల్లలనే పెట్టుకున్నారు. చిన్న వేళ్లు, తక్కువ కూలి, ఎదురు చెప్పని నోరు. ముందే ఇచ్చిన అప్పు పిల్ల కాలికి తాడు. ఆ పని రోజులు సరిగ్గా బడి నడిచే రోజులే.

దీన్ని అక్రమ రవాణా అనొచ్చా అని మీకు సందేహం రావచ్చు. బలవంతంతోనో, మోసంతోనో, డబ్బు ఆశ చూపో ఒక మనిషిని దోపిడీ కోసం చేర్చుకున్నా, తరలించినా, దాచినా, అప్పగించినా, తీసుకున్నా నేరమేనని చట్టం చెబుతోంది. 2013లో శిక్షాస్మృతి 370వ సెక్షన్‌ను మార్చి ఈ నిర్వచనం పెట్టారు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌గా ఉంది. బాధితురాలు ఒప్పుకుందనే వాదన చెల్లదు. బిడ్డ విషయంలో నేరం రుజువైతే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవ శిక్ష. బిడ్డను అమ్మినా, కొన్నా 2015 నాటి బాలల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. అప్పు కింద మనిషిని కట్టిపడేయడం 1976 నుంచే నిషిద్ధం. చట్టాలకు కొదవ లేదు.

కొత్త చట్టం మీద కూడా రాజకీయ తగువు నడిచింది. 2018 జూలై 26న అక్రమ రవాణా నిరోధక బిల్లును లోక్‌సభ ఆమోదించింది. విడిపించడం, పునరావాసం ఒకే చట్టంలో రావాలని సమర్థించినవాళ్లు వాదించారు. పోలీసులకు అధికారం పెరిగి, రక్షణ పేరుతో బాధితులనే హోముల్లో బంధిస్తారని వ్యతిరేకులు భయపడ్డారు. రాజ్యసభ గడప దాటకుండానే 2019లో ఆ బిల్లు రద్దయిపోయింది. లోక్‌సభలో చర్చ జరిగిన కొద్ది రోజులకే, ఆ జూలై ఆఖరులో, యాదగిరిగుట్టలో పోలీసులు 11 మంది ఆడపిల్లలను వ్యభిచార గృహాల నుంచి విడిపించారు. వాళ్లలో ఏడేళ్లు నిండని పసివాళ్లూ ఉన్నారు. త్వరగా ఎదగాలని హార్మోన్ ఇంజెక్షన్లు వేయించారన్న ఆరోపణపై ఒక వైద్యుడిని కూడా అరెస్టు చేశారు. గుట్టకు మనలో ఎంతమందిమి వెళ్లి రాలేదు! ఆ ఇళ్ల ముందు నుంచే నడిచి ఉంటాం. ఆ పిల్లలు ఎవరి పిల్లలో, ఏ బడిలో ఉండాల్సిన వాళ్లో అడగాలని మనకు తట్టలేదు. బయట ఎవరూ అడగకపోవడమే ఆ నేరానికి పెట్టుబడి.

మేం చెప్పదలచుకున్నది ఇదే. పేరు ఏదో ఒక పట్టీలో ఉండి, పిలిచినప్పుడు పలకకపోతే ‘ఎక్కడ?’ అని అడిగేవాళ్లు ఉన్న పిల్లను అమ్మడం కష్టం. ఎవరూ లెక్కపెట్టని పిల్లను అమ్మడం సులువు. మన హాస్టల్ అంటే మూడు పూటలా తిండి, ట్రంకు పెట్టె, దుప్పటి మాత్రమే కాదు. ఉదయం, రాత్రి పిలిచే హాజరు కూడా. దేశానికి దారి చూపిన గురుకులం 1971లో మన నల్లగొండ గడ్డ మీద, సర్వేల్‌లోనే మొదలైంది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లలను వేల సంఖ్యలో క్యాంపుల ద్వారా బడికి తెచ్చింది. ఆ పనికే ఆమెకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. అక్కడ ముందుగా వేసిన అడుగు తుపాకీ పట్టుకోవడం కాదు, ఇల్లిల్లూ తిరిగి బడికి రాని పిల్లల పేర్లు రాసుకోవడం.

కాబట్టి తమ్ముళ్లూ, దసరా, సంక్రాంతి సెలవులు అయిపోయాక మీ గదిలో ఎవరు తిరిగి రాలేదో చూడండి. నాలుగో రోజుకీ రాకపోతే వార్డెన్ సారుకు చెప్పండి. ఊళ్లో మీ చెల్లెలిని ఏడో తరగతితో మాన్పిస్తామంటే మీరు అడ్డం పడండి. మగపిల్లవాడి హాస్టల్ సీటు కోసం తిరిగిన నాన్నే ఆడపిల్లకు కస్తూర్బా విద్యాలయం ఉందని మర్చిపోతాడు, గుర్తు చేయండి. పట్నంలో పని చూపిస్తానని వచ్చిన మనిషి ఎంత దగ్గరి చుట్టమైనా సరే, ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఏ ఫోన్ నంబరు అని అడగండి. అనుమానం వస్తే 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు కాదు. పాత విద్యార్థులం మేం కూడా ఒక మాట ఇస్తున్నాం. మీరు ఏ పేరు చెప్పినా ఆ ఊరికి మాలో ఎవరో ఒకరం వెళ్లి వస్తాం.

సినిమాలు చూడండి. వాటి మీద వాదించుకోండి, తప్పు లేదు. కానీ వాదన అయ్యాక మన ఊళ్లో తప్పిపోయిన ఒక్క పేరైనా గుర్తు చేసుకోలేకపోతే అది ఉత్త కాలక్షేపమే. ఆ రాత్రి మన తమ్ముడు చెప్పిన పిల్ల అతని మేనమామ కూతురు. ఆ సెలవుల్లోనే మాలో ఇద్దరం తండాకు వెళ్లాం. అడ్వాన్స్ సంగతి తేల్చడానికి పెద్దమనుషులను, పంతులమ్మను వెంటబెట్టుకుని మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ అమ్మాయి పేరు ఒక హాజరు పట్టీలో ఉంది. పిలిస్తే పలుకుతోంది.