సెలవులు పగులుట

పెదవులు రెండును కలియుచోట, నోటి కిరుప్రక్కల నుండు మూలలను మన పెద్దలు సెలవు లనిరి. బడి మూసివేయు సెలవులను తప్ప వేరు సెలవుల నెరుగని బాలురు ఈ పేరు చూచి సంతోషించి యుండినచో, వారిని నిరాశపరుపవలసి వచ్చినందులకు మేము చింతించుచున్నాము. చలికాలము వచ్చునప్పటికి మా వసతిగృహమునందు కొందరి సెలవులు మొదట తెల్లబారి మెత్తబడి, పిదప పగిలి, నోరు తెరచినపుడెల్ల నెత్తురు చెమర్చుచుండును. అట్టి బిడ్డ నిండుగ నవ్వలేడు; ఆవులింపలేడు; తరగతిలో పద్యము గొంతెత్తి చదువలేడు. అన్నిటికంటె కీడేమనగా, కారము తగిలినంతనే మంట పుట్టుటచే సగమన్నము విడిచి లేచును. తిండి తగ్గిన కొలదిని పుండు మానుట ఆలస్యమగును. పుండు మానని కొలదిని తిండి తగ్గును.

దీనికి మన యిండ్లలో చెప్పు కారణ మొక్కటియే: వేడి చేసినది. ఈ మాటను మేము పరిహసింపము. నోరు మండుచున్నవానికి ఒడలంతయు వేడిగానే తోచును. కాని దాని వెంట వచ్చు పథ్యమే మాకు భయము గొలుపుచున్నది. వేడి యనగానే గ్రుడ్డు మాన్పింతురు, మాంసము మాన్పింతురు, వేరుసెనగలు దాచివేయుదురు, చారన్నముతోడనే దినములు గడపింతురు. మజ్జిగ పోయుట మాత్రము మంచిదే. తక్కిన పథ్యము వలన మేలుకంటె కీడే హెచ్చు. ఏలయన, ఈ పగుళ్లకు గల కారణములలో నొకటి, ఆ మాన్పించిన వస్తువులయందే యుండు నొక పదార్థము చాలకపోవుట.

ఆ పదార్థమునకు రైబోఫ్లేవిన్ అని పేరు. బి2 విటమిన్ అనియు నందురు. అది పసుపుపచ్చనిది. పెరుగు విరిగినపుడు పైకి తేలు నీటియందలి లేత పసుపు ఛాయ దీనిదే. నీలగిరులలోని కూనూరు పరిశోధనాలయమున 1936లో ఏక్రాయిడ్, కృష్ణన్ అను వారిరువురు, నోటిపుండ్లకును ఈ తరగతి విటమిన్ల కొరతకును గల సంబంధమును గూర్చి వ్రాసి ప్రకటించిరి. 1938లో అమెరికా దేశమున సెబ్రెల్, బట్లర్ అనువారు, రైబోఫ్లేవిన్ కొరవడిన ఆహారమును తిన్నవారికి సెలవులు పగులుటయు, దానిని మరల నిచ్చినపుడు మానుటయు కనుగొనిరి. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకయందు జాతీయ పోషకాహార సంస్థ యను పేర నున్నది. అటుగా పోవు మన విద్యార్థులలో ఈ సంగతి నెరిగినవారు తక్కువ.

ఇందు మన అన్నముయొక్క దోషము కొంత కలదు. తవుడంతయు పోవునట్లు మరలో తెల్లగా పట్టించిన బియ్యమున ఈ విటమిన్ మిక్కిలి కొంచెము. రాగులలో దానికి సుమారు మూడు రెట్లుండును. ఇది నీట కరగునది గాన, ఉన్న కొంచెమును బియ్యము పలుమారులు కడిగిన నీటితోను, వార్చి పారబోసిన గంజితోను పోవుచుండును. వేడికి అంతగా చెడదు. కావుననే కాచిన పాలలో చాలవరకు నిలిచియుండును. దాని శత్రువు వెలుతురు. గాజుసీసాలోని పాలను రెండు మూడు గంటలు ఎండలో నుంచినచో అందలి రైబోఫ్లేవిన్ సగమునకు పైగా నశింపవచ్చును. పాలు, పెరుగు, గ్రుడ్డు, కాలేయము, తోటకూర మొదలగు ఆకుకూరలు వీనియందు ఇది లభించును. రాగిజావను చూచి మొగము ముడుచు బాలురు ఈ వాక్యములను మరియొకమారు చదువుదురు గాక.

అయినను ప్రతి పగులును విటమిన్ కొరతయే యనుకొనుట తగదు. పలుమారు మూలకారణము ఉమ్మియే. ఎండిన పెదవులను నాకుట, పెన్సిలు కొరకుట, నిద్రలో చొల్లు కార్చుట మొదలగువానిచే సెలవులయందు తడి నిలిచి చర్మము నానిపోవును. నానిన చర్మమున బూజుజాతికి చెందిన క్రిమియో, చీము పట్టించు క్రిమియో స్థావర మేర్పరచుకొనును. పండ్లు ఊడిన తాతలకును అవ్వలకును నోటి మూలలు ముడుతపడి అచట తడి చేరుటచే ఇదియే వచ్చును. వారు కట్టుడు పండ్లను రాత్రివేళ తీసి శుభ్రపరచవలెను. మధుమేహము గలవారికి ఇది మాటిమాటికి వచ్చుచుండును. రక్తమునందు ఇనుము తగ్గినవారికిని సెలవులు పగులును. బిడ్డ పాలిపోయి, మెట్లెక్కునపుడు ఆయాసపడుచున్నచో ఈ సంగతి తలపవలెను. పాఠశాలలలో వారమున కొకమారిచ్చు ఇనుపమాత్రను కిటికీలోనుండి పారవేయు వీరులు మన తరగతులలో లేకపోలేదు. వారిపేర్ల నిచట వ్రాయము.

ఇక చికిత్స. గోరువెచ్చని నీటితో మెల్లగా కడిగి, మెత్తని గుడ్డతో తడి యద్ది, పలుచగా వాసలీను రాయవలెను. లేనిచో శుభ్రమైన నేయి పనికివచ్చును. భోజనమునకు ముందును, పండుకొనుటకు ముందును రాసిన మేలు. ఇది మందు కాదు. ఉమ్మికిని చర్మమునకును నడుమ నొక తెర మాత్రమే. పెచ్చులను గోటితో గిల్లరాదు. పుండు మానువరకు ఆవకాయను, నిమ్మకాయను దూరముగ నుంచి, పెరుగన్నము, పప్పు, మెత్తగ ఉడికించిన గ్రుడ్డు పెట్టవలెను. వారము దినములలో నెమ్మదింపకున్న వైద్యునకు చూపిన, బూజుక్రిమి యని తోచినచో క్లోట్రిమజోల్ వంటి లేపనమును, ఇతర క్రిమి యని తోచినచో దానికి తగిన దానిని ఇచ్చును. దుకాణదారు నడిగి, స్టిరాయిడ్ కలిసిన మిశ్రమ లేపనములను కొని ముఖమునకు రాయుట మిక్కిలి అపాయకరము. ఎరుపు రెండు దినములు తగ్గినట్లు కనబడి, చర్మము పలుచబడి, క్రిమి లోలోపల పెరుగును.

పుండుపై తేనెరంగు పెచ్చులు కట్టి, ముక్కువైపునకును గడ్డమువైపునకును ప్రాకుచున్న అది వేరు జబ్బు, ఇతరుల కంటునది. అట్టి బిడ్డ తువాలును, లోటాను వేరుగ నుంచి, ఆనాడే వైద్యునొద్దకు పంపవలెను. వసతిగృహపు పెద్దలు దీనిని మరువరాదు. ఒక్క ప్రక్క మాత్రమే పగిలి, నెలలు గడచినను మానని పుండును, ముఖ్యముగ పొగాకు నమలు పెద్దలయందు, తేలికగా నెంచరాదు.

వైద్యుడు బి-కాంప్లెక్సు మాత్రలు వ్రాసి యిచ్చినపుడు మరునాటినుండి మూత్రము చిక్కని పసుపుపచ్చగా పోవును. కామెర్లు వచ్చినవని హడలి మాత్రలు మానివేసినవారిని మేమెరుగుదుము. అది దేహమున కక్కర తీరి మిగిలిన రైబోఫ్లేవిన్ రంగు మాత్రమే. మాత్రలను చెప్పినన్ని దినములు వేసికొనవచ్చును.