ఫోన్‌తో వచ్చిందా... మీరే ఎంచుకున్నారా?

కొత్త ఫోన్ కొనాలంటే మనం చేసే పరిశోధన అంతా ఇంతా కాదు. కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఛార్జర్ ఎన్ని వాట్లు... పది వీడియోలు చూసి, నలుగురు ఫ్రెండ్స్‌ని అడిగాక గానీ డబ్బులు తీయం. మరి అదే ఫోన్‌లో పరీక్ష ఫలితాలు, హాల్ టికెట్లు, ఉద్యోగ దరఖాస్తులు, రైలు బుకింగులు చూసుకునే బ్రౌజర్ సంగతేంటి? ఫోన్ ఆన్ చేయగానే ఏది కనిపిస్తే దాన్నే వాడేస్తాం. అంతే!

ఈ అలవాటు విలువ మనకు తెలియకపోయినా కంపెనీలకు బాగా తెలుసు. ఫోన్లలో, బ్రౌజర్లలో తమ సెర్చ్ ముందే సెట్ అయి ఉండటం కోసం గూగుల్ 2021 ఒక్క ఏడాదిలోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. ‘ఎలాగూ ఎవరూ మార్చుకోరులే’ అన్న ధీమాకే ఆ ధర! మన దగ్గరా ఆండ్రాయిడ్ ఫోన్ల వ్యవహారంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కి రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. గూగుల్ యాప్స్‌ని కట్టగట్టి ఫోన్లలో పెట్టించడం అందులో ఒక తప్పుగా తేలింది.

అందుకే, ఒక్క పది నిమిషాలు మనమూ ఆలోచిద్దాం.

పేర్లు వేరు... ఇంజిన్ ఒకటే

‘మాది అన్నిటికన్నా స్పీడ్’ అని ప్రతి బ్రౌజరూ చెప్పుకుంటుంది. నిజానికి క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, సామ్‌సంగ్ ఇంటర్నెట్... ఇవన్నీ క్రోమియం అనే ఒకే పునాది మీద కట్టినవే. మన జోహో కంపెనీ తెచ్చిన ‘ఉలా’ కూడా అంతే. ఫైర్‌ఫాక్స్ ఒక్కటే గెకో అనే సొంత ఇంజిన్‌తో నడుస్తోంది. ఇక మన దేశంలో ఐఫోన్ వాడేవాళ్లు ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల ఉండేది యాపిల్ వారి వెబ్‌కిట్టే.

మరి తేడా ఎక్కడ? పేజీతో పాటు వచ్చే సరుకులో! నాలుగు లైన్ల వార్త కోసం వెళితే బోలెడన్ని ప్రకటనలు, వెంటబడి గమనించే ట్రాకర్లు కూడా దిగుతాయి. డేటా, బ్యాటరీ ఖర్చయ్యేది అక్కడే. వాటిని ఆపే బ్రౌజరే మన కంటికి ‘స్పీడ్’గా కనిపిస్తుంది.

ఎవరికి ఏది?

క్రోమ్: జీమెయిల్, పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు అన్నీ ఒక్కచోట కావాలంటే ఇదే హాయి. ఇంగ్లిష్ పేజీని తెలుగులోకి మార్చుకోవడమూ సులువు. కానీ దీన్ని తయారుచేసే కంపెనీ ప్రధాన ఆదాయం ప్రకటనలదే. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో యాడ్ బ్లాకర్ లాంటి ఎక్స్‌టెన్షన్లు వేసుకునే వీలు లేదు.

ఫైర్‌ఫాక్స్: లాభాపేక్ష లేని మొజిల్లా సంస్థది. ఆండ్రాయిడ్‌లో కూడా యూబ్లాక్ ఆరిజిన్ లాంటి ఎక్స్‌టెన్షన్లు వేసుకోవచ్చు. అయితే క్రోమ్‌ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన కొన్ని సైట్లు ఇందులో మొరాయిస్తాయి.

బ్రేవ్: ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే ప్రకటనలు, ట్రాకర్లు ఆపేస్తుంది. క్రిప్టో వాలెట్, రివార్డ్స్ అంటూ కొంత హడావుడి ఉంటుంది. అక్కర్లేకపోతే పట్టించుకోనవసరం లేదు.

ఎడ్జ్: విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు బాగుంటుంది. ఫోన్‌లో చదువుతున్న పేజీని ల్యాప్‌టాప్‌కి పంపుకోవచ్చు.

సామ్‌సంగ్ ఇంటర్నెట్: వేరే ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పనిచేస్తుంది. అడ్రస్ బార్‌ని కిందికి మార్చుకుంటే ఒంటిచేత్తో వాడటం సులువు. ప్రకటనలు ఆపే బ్లాకర్లనూ జోడించుకోవచ్చు.

ఒపెరా మినీ: డేటా అయిపోవస్తున్నప్పుడు ఆదుకుంటుంది. పేజీలను తమ సర్వర్లలో కుదించి పంపుతుంది. మధ్యలో ఇంకొకరి సర్వర్ ఉంటుంది కాబట్టి డబ్బు లావాదేవీలకు మాత్రం ఇది వద్దు.

‘ఇన్‌కాగ్నిటో’ మాయ

నల్ల తెర రాగానే ఇక మనల్ని ఎవరూ చూడరనుకుంటాం. అది చేసే పని చిన్నదే. ట్యాబ్‌లు మూసేశాక హిస్టరీ, కుకీలు మీ ఫోన్‌లో మిగలవు. మీరు వెళ్లిన సైట్‌కీ, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకీ, కాలేజీ వైఫై నడిపేవాళ్లకీ మీ జాడ తెలిసే వీలుంది. ఈ మోడ్ మీద అమెరికాలో నడిచిన దావాలో, సేకరించిన డేటాను చెరిపేయడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది కూడా!

మనకు తెలియకుండా వాడే బ్రౌజర్

ఇన్‌స్టాగ్రామ్‌లోనో, ఫేస్‌బుక్‌లోనో లింక్ నొక్కితే పేజీ ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది. అది మీరు ఎంచుకున్న బ్రౌజర్ కాదు. ఆ కిటికీ మొత్తం ఆ యాప్ చేతుల్లోనే ఉంటుంది. చదివి వచ్చేయడానికి పర్లేదు గానీ అక్కడ పాస్‌వర్డ్, కార్డు నంబరు, ఓటీపీ కొట్టొద్దు. పైన మూడు చుక్కలు నొక్కి, బయటి బ్రౌజర్‌లో తెరవండి.

ఇంకో గొడవ నోటిఫికేషన్లు. సినిమా కోసమో, ఫలితాల కోసమో ఏదో సైట్‌కి వెళ్లి ‘అలౌ’ నొక్కేస్తాం. మర్నాటి నుంచి ‘మీ ఫోన్‌లో వైరస్ ఉంది’, ‘లాటరీ తగిలింది’ అంటూ మొదలు! అమ్మానాన్నల ఫోన్లలో ఇవి మరీ ఎక్కువ. నిజమనుకుని నొక్కితే మోసగాళ్ల చేతికి చిక్కినట్టే. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ‘సైట్ సెట్టింగ్స్’, అందులో ‘నోటిఫికేషన్స్’లోకి వెళ్లి తెలియని పేర్లన్నీ బ్లాక్ చేయండి. ఫోన్లు మార్చేంత అవసరం లేదు, రెండు నిమిషాల పని.

రెండు ఉంటే మేలు

‘ఇంతకీ ఏది బెస్ట్?’ అంటే ఒకే పేరు చెప్పలేం. కానీ ఒక పద్ధతి ఉంది. పనుల్ని రెండుగా విడగొట్టండి. బ్యాంకు, రైలు టికెట్లు, ప్రభుత్వ సైట్లు, దరఖాస్తులకు ఒక బ్రౌజర్. క్రోమ్ లాంటిది చాలు. ఇందులో తెలియని లింక్ ఒక్కటీ తెరవకూడదు. వార్తలు, క్రికెట్ స్కోర్లు, షాపింగ్ కబుర్లు, ఫ్రెండ్స్ పంపే లింకులకు ఇంకొకటి. ఫైర్‌ఫాక్సో, బ్రేవో మీ ఇష్టం. ఒకదాని కుకీలు, లాగిన్లు రెండోదానికి కనిపించవు కాబట్టి ఇక్కడి చెత్త అక్కడికి చేరదు.

వారం రోజులు వాడి చూడండి. రోజూ చూసే మూడు సైట్లు సరిగ్గా తెరుచుకుంటున్నాయా, తెలుగు అక్షరాలు బాగా కనిపిస్తున్నాయా, బ్యాటరీ ఎంత తింటోంది... ఈ మూడూ గమనిస్తే చాలు. నచ్చితే ఫోన్ సెట్టింగ్స్‌లో ‘డిఫాల్ట్ యాప్స్’కి వెళ్లి, లింకులు తెరిచే రెండోదాన్ని డిఫాల్ట్‌గా పెట్టుకోండి. ఏదైనా ప్లే స్టోర్ నుంచే దించుకోండి. అప్‌డేట్ వస్తే వాయిదా వేయొద్దు, భద్రతా లోపాలు సరిదిద్దేది వాటితోనే.

ఈ ఆదివారం ఇంటికి వెళ్తే అమ్మ ఫోన్ కూడా ఒకసారి తీసి, ఆ నోటిఫికేషన్ల లిస్టు చూడండి. ముందు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.