కరణి (గణితం)

ఒక ధన అకరణీయ సంఖ్య యొక్క వర్గమూలం గాని, ఘనమూలం గాని, మరే మూలం గాని అకరణీయ సంఖ్య కానిచో, ఆ మూలాన్ని కరణి అంటారు. √2, √3, ∛5 కరణులు. √9 కరణి కాదు. దాని విలువ 3.

రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగా (హారం సున్న కాకుండా) రాయగలిగినది అకరణీయ సంఖ్య. అలా రాయ వీలుకాని వాస్తవ సంఖ్య కరణీయ సంఖ్య. దాని దశాంశ రూపం అంతం కాదు, ఆవర్తనం కాదు. ప్రతి కరణి కరణీయ సంఖ్యయే. కాని ప్రతి కరణీయ సంఖ్యా కరణి కాదు. వృత్త పరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తి అయిన "పై" కరణీయ సంఖ్య, కాని కరణి కాదు. 22/7 దాని సమీప విలువ మాత్రమే.

చరిత్ర

యజ్ఞవేదికల నిర్మాణాన్ని తెలిపే శుల్బసూత్రాలలో √2ను ద్వికరణి అన్నారు. ఒక చతురస్రానికి రెట్టింపు వైశాల్యం గల చతురస్రపు భుజం అని దీని భావం. అది మొదటి చతురస్రపు కర్ణానికి సమానం. తెలుగునాట అనేక వైదిక కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ సంప్రదాయపు శుల్బసూత్రంలో దీని విలువ 1 + 1/3 + 1/(3×4) − 1/(3×4×34), అనగా 577/408. ఇది ఐదు దశాంశ స్థానాల వరకు సరిపోతుంది.

√2 కరణీయ సంఖ్య అని నిరూపణ

√2 = ల/హ అనుకుందాం. ల, హ లకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు.

ఇరువైపులా వర్గం చేయగా ల² = 2హ². కాబట్టి ల సరిసంఖ్య. ల = 2క అనుకుంటే 4క² = 2హ², అనగా హ² = 2క². కాబట్టి హ కూడా సరిసంఖ్య. అప్పుడు రెంటికీ 2 ఉమ్మడి కారణాంకం అవుతుంది. ఇది మొదటి ఊహకు విరుద్ధం. కనుక √2ను నిష్పత్తిగా రాయలేము.

పై భిన్నాన్నే చూడండి. 577² = 332929; 2×408² = 332928. తేడా ఒకటి మాత్రమే. ఎంత పెద్ద సంఖ్యలు తీసుకున్నా ఈ తేడా సున్న కాజాలదు.

ఒక ఉదాహరణ: పలాయన వేగం

నెల్లూరు తీరాన, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య గల శ్రీహరికోట (2022 నుండి తిరుపతి జిల్లా) లో 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్‌ను ప్రయోగించారు. రాకెట్ శాస్త్రంలో √2 సహజంగా ఎదురవుతుంది. భూమి నుండి ఒకే దూరంలో, వృత్తాకార కక్ష్యలో తిరగడానికి కావలసిన గతిశక్తికి రెట్టింపు ఉంటేనే వస్తువు భూమ్యాకర్షణను దాటిపోతుంది. గతిశక్తి వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక పలాయన వేగం కక్ష్యా వేగానికి √2 రెట్లు.

గాలి నిరోధాన్ని విడిచిపెడితే, భూతలం వద్ద కక్ష్యా వేగం సెకనుకు సుమారు 7.9 కి.మీ., పలాయన వేగం 11.2 కి.మీ. √2కు బదులు 1.4 వాడితే 11.06 కి.మీ. వస్తుంది. సెకనుకు సుమారు 110 మీటర్లు తక్కువ. భూమ్యాకర్షణ ఒక్కటే ఉన్నదనుకుంటే, ఆ వేగంతో బయలుదేరిన వస్తువు ఎంత దూరం పోయినా చివరకు భూమి వైపే మళ్ళుతుంది.

లెక్కలలో పాటించవలసినది

√2ను పదిసార్లు వేసి గుణిస్తే సరిగ్గా 32 వస్తుంది. 1.4ను అలాగే గుణిస్తే సుమారు 28.9 మాత్రమే. కాబట్టి లెక్క పూర్తయ్యే వరకు కరణిని కరణిగానే ఉంచి, దశాంశ విలువను చివరి మెట్టులోనే ప్రతిక్షేపించాలి. హారంలో కరణి ఉంటే దానిని తొలగించడం సులువు: 1/√2 = √2/2. ఒకే మూలం గల కరణులను మాత్రమే కలపవచ్చు: √50 + √8 = 5√2 + 2√2 = 7√2.