వెల్డింగు అతుకు సమముగా వచ్చు విధము

మేడ్చలు, శామీరుపేట ప్రాంతములు హైదరాబాదు నగరమునకు ఉత్తరపు పొలిమేరయందున్నవి. ఒకప్పుడు ద్రాక్షపందిళ్లకు పేరువడసిన యీ సీమలో మేడ్చలు మీదుగ నాగపురము పోవు 44వ జాతీయ రహదారియు, శామీరుపేట మీదుగ కరీంనగరము పోవు రాజీవ్ రహదారియు సాగుచున్నవి. పొలముల ప్రక్కనే కర్మాగారములు వెలసినను, సేద్యము విడువని కుటుంబము లిచట నింకను గలవు. ట్రాక్టరు ట్రాలీ, దమ్ము చక్రములు, తోట గేటు, కూరగాయల పందిరి స్తంభములు అన్నియు ఇనుముతో కూడినవే. విరిగిన ప్రతి వస్తువును దుకాణమునకు మోసికొనిపోజాలక కొందరు రైతులు చిన్న వెల్డింగు యంత్రమును స్వయముగా కొనుచున్నారు. యంత్రము కొనుట సులభమే. అతుకు సరిగా వేయుట మాత్రము అభ్యాసముచే గాని రాదు. ఆ యభ్యాసమునకు తోడ్పడు కొన్ని విషయములను ఇచట వివరింతుము.

క్రొత్తవారు వేసిన అతుకు ఒకచోట ముద్దగాను, ఒకచోట సన్నగాను ఉండుట సాధారణము. ముద్దగానున్న తావు గట్టిదని వారు తలంతురు. అది భ్రమ. చెఱువుకట్ట యెంత వెడల్పయినను పలుచనైన చోటనే గండి పడును గదా! అతుకును అట్లే సన్నని తావుననే తెగ మొదలిడును. ముద్దయు పలుమారు పైన పేరుకొనినదే గాని క్రింది యినుములో కరగి కలిసినది కాదు.

లావు అతుకు వలన నష్టమును కలదు. రెండు పలకలు కూడిన మూలలో వేయు అతుకు కోసి చూచిన త్రికోణముగా నుండును. దాని భుజమును పాదమందురు. పాదము 4 మి.మీ. అయినచో కోత వైశాల్యము 8 చదరపు మి.మీ.; 8 మి.మీ. అయినచో 32. అనగా పాదము రెట్టింపైన కడ్డీల ఖర్చు నాలుగు రెట్లగును. బలము రెండు రెట్లు మాత్రమే పెరుగును. పైగా అధికమగు వేడిమిచే పలక వంకరపోవును. సామాన్యపు పనులకు, రెండింటిలో పలుచనైన పలక మందమునకు సరియగు పాదము చాలును.

అతుకు పరిమాణము దేనిచే నేర్పడును? గొఱ్ఱుతో విత్తు రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. జడ్డిగములో గింజలు విడుచు చేయి ఒకే తీరుననుండి, ఎడ్ల నడకయు ఒకే తీరుననున్నగాని మొలక సమముగా రాదు. వెల్డింగునందు కడ్డీ కరగుట గింజలు పడుటవంటిది. చేయి ముందునకు సాగుట ఎడ్ల నడకవంటిది.

కడ్డీ కరగు వేగము విద్యుత్ప్రవాహమును బట్టి యుండును. 6013 రకపు కడ్డీలలో 2.5 మి.మీ. లావుగల దానికి 60 మొదలు 90 ఆంపియర్లు, 3.15 మి.మీ. దానికి 90 మొదలు 130 ఆంపియర్లు తగును. ఒకే ట్రాన్స్‌ఫార్మరుపై పలు మోటార్లు నడచునపుడు వోల్టేజి పడిపోయి, యంత్రముపై అంకె మార్చకున్నను ప్రవాహము తగ్గవచ్చును. అట్టి వేళ అభ్యాసము మానుట మేలు.

కడ్డీ కొనకును ఇనుమునకును నడుమ ఎడము కడ్డీ లావును మించరాదు. కడ్డీ కరగి కురుచయగుచుండును గావున చేతిని ఎడతెగక క్రిందికి దించుచుండవలెను. క్రొత్తవారు మఱచునది ఇదియే. ఎడము పెరిగినచో నిప్పురవ్వలు చిందును, అతుకు వెడల్పై చదునగును. కడ్డీ పైకొన చేయి సాగు దిక్కునకు 10 మొదలు 20 డిగ్రీలు వాలియుండవలెను. మిరుమిట్లుగొలుపు జ్వాలను గాక, దాని వెనుకనున్న కరగిన లోహపు మడుగును చూడవలెను. ఆ మడుగు వెడల్పు మారకుండ చేయి సాగించుటయే యీ పనియందలి కీలకము.

ఇక కొలత. 3.15 మి.మీ. కడ్డీ కోత వైశాల్యము ఇంచుమించు 8 చదరపు మి.మీ. చిందిపోవు భాగమును కూడ లెక్కించినచో, 100 మి.మీ. పొడవు మూల అతుకునకు 4 మి.మీ. పాదమైన సుమారు 110 మి.మీ., 5 మి.మీ. పాదమైన 170 మి.మీ., 6 మి.మీ. పాదమైన 240 మి.మీ. కడ్డీ కరగవలెను. పాత ఇనుప పలకలను మూలగా నిలిపి, 100 మి.మీ. చొప్పున సుద్దతో గుర్తులు పెట్టి, ప్రతి అతుకునకు ముందును వెనుకను కడ్డీని కొలిచి వ్రాసికొనుడు. కడ్డీ తక్కువ కరగినచో చేయి తొందరపడినది. ఎక్కువ కరగినచో జాగుచేసినది. ఇట్లు ఇరువది, ముప్పది అతుకులు వేయునప్పటికి చేతికి నడక తెలియును.

చిట్టెమును కొట్టి తీసి పరీక్షింపుడు. అలలు గుండ్రముగా, దగ్గరగా నున్న వేగము సరియైనది. బాణపు మొనవలె కోసుగానున్న వేగమెక్కువ. అంచున ఇనుము కోసుకొనిపోయి చాలు పడినచో ప్రవాహమో, ఎడమో అధికమైనది. కడ్డీ మార్చునపుడు చిట్టెమును శుభ్రపఱచి, గుంటకు కొంచెము ముందు జ్వాల రగిల్చి, వెనుకకు వచ్చి గుంట నింపి, పిమ్మట ముందునకు సాగవలెను. తేమ తగిలిన కడ్డీతో ఎంత నేర్పరియైనను మంచి అతుకు వేయజాలడు.

కంటికి 10 లేక 11 సంఖ్యగల నల్ల అద్దము, చేతులకు తోలు తొడుగులు, పొడి చెప్పులు, నూలు దుస్తులు లేనిదే పని మొదలిడరాదు. తడి నేలపై నిలువరాదు. డీజిలు డబ్బా ఖాళీదైనను ముట్టరాదు. జింకు పూత గొట్టముల పొగ జ్వరము తెచ్చును. ట్రాక్టరుపై పనిచేయునపుడు బ్యాటరీ తీగలను విప్పవలెను.

అభ్యాసమును గేటుతోను, పందిరి స్తంభముతోను ప్రారంభింపుడు. ట్రాలీ కొక్కెము, ఇరుసు మొదలగువానిని అనుభవజ్ఞులకే విడువుడు. ధాన్యముతో, కూలీలతో రహదారిపై పోవు ట్రాలీ కొక్కెము ఊడినచో పోవునది ఇనుము గాదు, ప్రాణములు. మీరు వేసిన అతుకు మొదటినుండి తుదివరకు ఒకే వెడల్పున నున్నదని కొలబద్ద సాక్ష్యమిచ్చు దినమునగాని పెద్ద పనికి పూనుకొనకుడు.