చిప్పు లోపలికి రెండు తీగల దారి

బోరు మోటారును సెల్‌ఫోనుతో వేసే స్టార్టరు పెట్టెలు మన పొలాల్లోకి వచ్చి చాలాకాలమైంది. కోటవురట్ల వంటి ఊళ్ల నుంచి డిప్లొమాకో బీటెక్‌కో వెళ్లిన పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టుగా అలాంటి పెట్టె ఒకటి తయారుచేద్దామనుకోవడం సహజం. చిప్పు, సిమ్ మాడ్యూలు, రిలే అన్నీ కొంటారు, ప్రోగ్రాము ఎక్కిస్తారు. అది ఓ పూట పనిచేసి బిగుసుకుపోతుంది. ఎందుకో తెలియదు. చిప్పుకు తెర లేదు, మీటల పలక లేదు. ఎక్కడ ఆగిందో, ఏ అంకె తప్పిందో చూడాలంటే నడుస్తున్న ప్రాసెసర్‌ను పట్టి నిలిపి లోపలికి తొంగిచూసే సాధనం కావాలి. దాన్నే డీబగ్గర్ అంటారు. ఒకప్పుడు దాన్ని పెద్ద కంపెనీలే కొనగలిగేవి. ఇప్పుడు ఒక పూట భోజనాల ఖర్చుకు వస్తోంది. ఈ ధర పడిపోవడం వెనుక ఉన్న కథ నాకు చిప్పుల కథకన్నా ఆసక్తిగా అనిపిస్తుంది.

1970లలో ఇంటెల్ తన 8080 ప్రాసెసర్ కోసం ఐసీఈ-80 అనే యంత్రాన్ని అమ్మింది. బోర్డు మీది ప్రాసెసర్‌ను సాకెట్లోంచి పీకేసి, ఆ స్థానంలో లావుపాటి కేబుల్ గుచ్చేవారు. కేబుల్ అవతల ఉన్న యంత్రమే ప్రాసెసర్‌లా నటించేది. అడుగడుగునా ఆపేవారు, చూసేవారు, మళ్లీ నడిపేవారు. పద్ధతి గొప్పదే. కాని ప్రతి కొత్త ప్రాసెసర్‌కూ కొత్త యంత్రం కావాలి. చిప్పుల వేగం పెరిగేకొద్దీ ఆ పొడవాటి కేబుల్లో సంకేతాలు సకాలంలో చేరడం మానేశాయి.

అసలు మార్పు డీబగ్గింగ్ వైపు నుంచి రాలేదు, పరీక్షల వైపు నుంచి వచ్చింది. తయారైన సర్క్యూటు మంచిదో కాదో తేల్చడం ఎలా అన్న ప్రశ్న మీద పనిచేసినవారిలో సుధాకర్ ఎం. రెడ్డి ఒకరు. ఉస్మానియాలో ఇంజనీరింగ్, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎంఈ చదివి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది అక్కడే ఆచార్యుడయ్యారు. 1972లో ఆయన రాసిన పరిశోధన పత్రం ఒక చిత్రమైన మాట చెప్పింది. పది ఇన్‌పుట్‌ల సర్క్యూటును అన్ని విధాలా పరీక్షించాలంటే 1024 మేళవింపులు పెట్టి చూడాలి. దాన్ని ఒక ప్రత్యేక రూపంలో కడితే, ఇన్‌పుట్ తీగలు బాగున్నంతవరకు, ఏ ఒక్క గేటు చెడినా పట్టడానికి 14 పరీక్షలు చాలు. అంటే ఇన్‌పుట్‌ల సంఖ్యకు నాలుగు కలిపితే సరి. ఆ రూపం పరిశ్రమలో పెద్దగా వాడుకలోకి రాలేదు. అయినా పరీక్షకు వీలుగా ఉండేలా ముందే కట్టుకోవాలన్న ఆలోచన నిలిచింది.

1980లలో ఆ అవసరం ముంచుకొచ్చింది. అప్పటివరకు తయారైన బోర్డును అంపశయ్య లాంటి మేకుల పలక మీద పడుకోబెట్టి, ఒక్కో మేకు ఒక్కో అతుకును తాకేలా చేసి పరీక్షించేవారు. పిన్నులు దగ్గరదగ్గరగా వచ్చి, బోర్డులు పొరలు పొరలుగా మారాక మేకు పెట్టే చోటే లేకపోయింది. 1985లో ఫిలిప్స్ వంటి యూరప్ కంపెనీల ఇంజనీర్లు ఒక బృందంగా ఏర్పడ్డారు. తరువాత అమెరికా కంపెనీలూ చేరాయి. ఆ బృందం పేరే జేటాగ్. వారి పద్ధతి 1990లో ఐఈఈఈ 1149.1 ప్రమాణమైంది. ప్రతి చిప్పులోనూ పిన్నుల వెంబడి చిన్న చిన్న అరలు పెట్టి వాటిని గొలుసుగా కలిపారు. బిట్లు ఒక తీగలో లోపలికి వెళ్లి ఇంకో తీగలో బయటికొస్తాయి. మూడోది గడియారం తీగ. నాలుగో తీగ లోపలున్న 16 స్థితుల చిన్న యంత్రాన్ని నడిపిస్తుంది. ఆ యంత్రం ఏ స్థితిలో చిక్కుకున్నా నాలుగో తీగ మీద వరుసగా ఐదుసార్లు 1 పంపితే మొదటికి వస్తుంది. దారి తప్పినవాడు ఎక్కడున్నాడో తెలియకుండానే ఇంటికి చేర్చే ఈ ఏర్పాటు నాకు భలే నచ్చుతుంది.

బోర్డులు పరీక్షించడానికి తెరిచిన ఆ తలుపునే డీబగ్గింగ్‌కూ వాడుకుంటే? ఆర్మ్ కంపెనీ 1994 నాటి ఏఆర్ఎమ్7టీడీఎమ్ఐలో అదే చేసింది. అందులో రిజిస్టరును, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ స్థానాన్ని, చదివే తీరు సరదాగా ఉంటుంది. నేరుగా అడగడం కుదరదు. రిజిస్టరును మెమొరీలో భద్రపరచమనే ఆజ్ఞను గొలుసు గుండా ప్రాసెసర్ నోట్లో పెట్టి, అది బయటికి వదిలే విలువను దారిలోనే పట్టుకోవాలి. ఇప్పుడు అవతల పెద్ద యంత్రం అక్కర్లేదు. తెలివంతా చిప్పులోనే ఉంది. బయట కావలసింది బిట్లు మోసే కేబుల్ మాత్రమే.

కాని కేబుళ్లూ చాలాకాలం ఖరీదుగానే ఉన్నాయి. అప్పుడు అభిరుచి గలవాళ్లు కంప్యూటర్ ప్రింటరు పోర్టుకు ఒక 74హెచ్‌సీ244 బఫర్ చిప్పు, కొన్ని నిరోధకాలు తగిలించి తామే చేసుకున్నారు. లాప్‌టాప్‌ల నుంచి ప్రింటరు పోర్టు మాయమయ్యాక ఎఫ్‌టీడీఐ వారి ఎఫ్‌టీ2232 యూఎస్‌బీ చిప్పు ఆ పనికి కుదిరింది. 2005లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో డొమినిక్ రాత్ అనే విద్యార్థి తన డిప్లొమా పనిగా ఓపెన్ ఓసీడీ అనే డీబగ్గింగ్ ప్రోగ్రాము రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ధరను నిజంగా దించింది ఇదేనని నా అభిప్రాయం. ఖరీదు తీగలో లేదు, ప్రోగ్రాములో ఉండేది. ఇక ఆర్మ్ తన చిన్న చిప్పులకు నాలుగు తీగల పని రెండింటితో చేసే ఎస్‌డబ్ల్యూడీ తెచ్చింది.

ఇప్పుడు ఏది కొనాలి? ముందు మీ చిప్పు ఏదో చూసుకోండి. ఈఎస్‌పీ32-సీ3, ఎస్3 చిప్పుల్లో యూఎస్‌బీ జేటాగ్ లోపలే ఉంది, మామూలు కేబుల్ చాలు. ఆర్డుయినో ఉనోలోని ఏటీమెగా328పీ భాష వేరు, డీబగ్‌వైర్ అనే ఒంటితీగ పద్ధతి దానిది. ఎస్‌టీఎమ్32 వంటి ఆర్మ్ కార్టెక్స్-ఎమ్ చిప్పులైతే రాస్ప్‌బెర్రీ పై పికో తీసుకోండి. 2021లో నాలుగు డాలర్ల ధరతో విడుదలైన బోర్డు అది. బూట్‌సెల్ మీట నొక్కి పట్టి యూఎస్‌బీకి గుచ్చి, డీబగ్‌ప్రోబ్ ఫైలును అందులోకి లాగితే అదే డీబగ్గర్ అవుతుంది. జీపీ2ను మీ బోర్డు గడియారం పిన్నుకు, జీపీ3ని డేటా పిన్నుకు, గ్రౌండును గ్రౌండుకు కలపండి. మూడో తీగ మరిచిపోతే మొదటి రెండూ దండగ. తీగలు కలిపే ఓపిక లేకపోతే 2023లో అదే సంస్థ 12 డాలర్లకు తెచ్చిన పెట్టెలాంటి ప్రోబ్ ఉంది. చవక నకిలీ ఎస్‌టీ-లింక్ డీబగ్గర్లూ పనిచేస్తాయి. కాకపోతే పిన్నుల వరుస ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, డబ్బా మీద అచ్చు చూసి గాని కలపకండి.

పికో పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టుల బోర్డుకు నేరుగా తగిలించకూడదు. స్టార్టరు పెట్టె మూడు ఫేజుల లైనుకు కలిసి ఉండగా లాప్‌టాప్ తగిలించడం ప్రాణాపాయం. బల్ల మీద విడి సప్లైతోనే పరీక్షించాలి. కంపెనీ పెట్టెలను ఇలా తెరిచి చూద్దామంటే మాత్రం కుదరకపోవచ్చు. చాలా చిప్పుల్లో తయారీదారు ఈ తలుపును మూసేసే వీలుంది. కొన్ని ఎస్‌టీఎమ్32లలో రెండో స్థాయి రక్షణ పెడితే మళ్లీ ఎన్నటికీ తెరుచుకోదు.

కాబట్టి వందల డాలర్ల డీబగ్గర్ లేదని ప్రాజెక్టు ఆపకండి. ఒకటికి రెండు పికోలు తెప్పించుకోండి. ఒకటి డీబగ్గర్‌గా, రెండోది పాడైనా బాధపడని బోర్డుగా ఉంచుకుని, ముందు వాటి మీద చెయ్యి తిరిగేలా సాధన చేయండి.