తెరచాప పడవ ఒరిగినా బోల్తా ఎందుకు పడదు?

నారాయణఖేడ్ పిల్లలూ, మంజీర నీళ్ళలో చిన్న పడవ ఒక పక్కకు ఒరిగితేనే గుండె గుభేలుమంటుంది కదా! మరి విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య సహా ఆరుగురు నౌకాదళ అధికారిణులు 2017 సెప్టెంబరులో గోవాలో బయలుదేరి, దాదాపు 17 మీటర్ల ‘తారిణి’ అనే తెరచాప పడవలో ప్రపంచం చుట్టి 2018 మేలో ఎలా తిరిగొచ్చారు? అంత తుఫాను గాలుల్లోనూ ఇలాంటి పడవను కాపాడేది నీటి కింద ఉండే ‘కీల్’. అంటే, పడవ అడుగున రెక్కలా దిగి ఉండే బరువైన భాగం. దాన్ని సీసంతోనో ఇనుముతోనో చేస్తారు. తంజావూరు బొమ్మను తోసి చూడండి, అడుగు బరువు దాన్ని మళ్ళీ నిలబెడుతుంది. ఇక్కడా అంతే. పైగా పడవ ఒరిగేకొద్దీ గాలి తెరచాప మీదుగా జారిపోయి, తోపు తగ్గుతుంది.

అంత బరువు పెడితే మునిగిపోదా అని అడుగుతారు. మంచి ప్రశ్న! పడవ మొత్తం బరువుకు సరిపడా నీటిని అది పక్కకు నెట్టగలిగితే చాలు, తేలుతుంది. మరి హుస్సేన్‌సాగర్‌లో పందేలకు దిగే చిన్న పడవలకు ఈ బరువెందుకు లేదు? అక్కడ నడిపేవాళ్ళే అంచు బయటికి వాలి, తమ ఒంటి బరువుతో పడవను నిలబెడతారు. మహాసముద్రంలో నెలల తరబడి అలా వాలి ఉండలేం. అందుకే అక్కడ కీల్ మీదే ఆధారం. కాబట్టి పాత కీల్ పడవ కొనేవాళ్ళు రంగుకన్నా ముందు, కీల్‌ను పట్టి ఉంచే బోల్టులు తుప్పు పట్టాయేమో చూడాలి. సీసం చెడదు, బోల్టులు చెడతాయి.