కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేవకపోతే

పాల్వంచలో కరెంటు తయారవుతుంది. అయినా గాలివానకు అడవిలో లైను మీద ఒక కొమ్మ విరిగిపడితే చాలు, మన హాస్టళ్లలో చీకటే. కరెంటు రాగానే లైట్లు వెలుగుతాయి గానీ ఫైల్ సర్వర్ ఒక్కోసారి లేవదు. అందులో ఉన్నవి సినిమా పాటలైతే పోనీ అనుకోవచ్చు. మేము దాచేవి కుల, ఆదాయ ధ్రువపత్రాల స్కాన్ కాపీలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, సీనియర్లు వదిలి వెళ్లిన నోట్సు.

ఇంతకూ చెడేది ఏమిటి? స్టోర్ రూములోంచి బియ్యం బస్తా తీశాం, రిజిస్టర్‌లో ఇంకా రాయలేదు, అంతలో లైటు పోయింది అనుకోండి. లెక్క ఒకటి, సరుకు ఒకటి అవుతుంది. డిస్కులోనూ అంతే. ఫైలు ఒకచోట, అది ఎక్కడుందో చెప్పే పట్టిక మరోచోట ఉంటాయి. రెండూ రాయడం పూర్తికాక ముందే కరెంటు పోతే వాటికి పొంతన తప్పుతుంది. అందుకే 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ3, దాని తరువాత 2008లో వచ్చిన ఈఎక్స్‌టీ4 జర్నల్ అనే చిత్తు పుస్తకం పెట్టుకున్నాయి. చేయబోయే మార్పును ముందు అందులో రాసి, ఆ తరువాతే పట్టికను దిద్దుతాయి. అయితే మామూలుగా ఆ చిత్తులోకి ఎక్కేది పట్టిక వివరాలే, ఫైలులోని విషయం కాదు. జర్నల్ ఉంది కదా అని ధీమాగా ఉండే మిత్రులు ఇది గమనించాలి.

సర్వర్ లేవకపోతే అందరి చేయీ రిపేరు కమాండు ఎఫ్‌ఎస్‌సీకే మీదికే పోతుంది. తొందర వద్దు. డిస్కే చెడిపోతూ ఉంటే ఆ రిపేరు మిగిలినదాన్ని కూడా పాడు చేయవచ్చు. మేము ముందు స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం చూస్తాం. చెడిన సెక్టార్ల సంఖ్య పెరుగుతూ ఉంటే డీడీరెస్క్యూతో మొత్తం మరో డిస్కుకు కాపీ తీసి, రిపేరు ఆ కాపీ మీదే చేస్తాం. డిస్కు బాగుంటే అన్‌మౌంట్ చేసి, ఏమీ మార్చకుండా తప్పులు మాత్రం చూపించే 'ఎన్' ఆప్షన్‌తో మొదట నడపాలి. రిపేరులో పేరు పోయిన ఫైళ్లు లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్‌లో అంకెలతో కనిపిస్తాయి. ఒక్కొక్కటీ తెరిచి ఎవరి సర్టిఫికెటో పోల్చుకోవాలి. ఓపిక కావాలి మరి!

కరెంటు ఉండగానే సర్వర్ ఆగిపోతుంటే అది వేరే సంగతి. ఆగిన వేళలు రాసిపెట్టండి. అన్నీ ఎండాకాలం మధ్యాహ్నాలే అయితే ఫ్యానులో దుమ్ము చూడాలి. వేళాపాళా లేకపోతే పవర్ సప్లయ్‌ని, ర్యామ్‌ను అనుమానించాలి. మెమ్‌టెస్ట్ రాత్రంతా నడపాలి.

యూపీఎస్ ఇచ్చేది కొద్ది నిమిషాలే. చాలామంది యూపీఎస్ కొని, దాని యూఎస్‌బీ వైరును అట్టపెట్టెలోనే వదిలేస్తారు. ఆ వైరు సర్వర్‌కు కలిపి, నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెడితే బ్యాటరీ అయిపోయేలోగా సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగుతుంది.

రెండో కాపీ మాత్రం వేరే ఊళ్లో ఉండాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మేము నెలకొకసారి డిస్కును ఖమ్మం పంపుతాం. అక్కడా 2024 సెప్టెంబరులో మున్నేరు ముంచెత్తింది కాబట్టి, మేడ మీది గదిలోనే పెట్టిస్తున్నాం.